మెలనోమా కణంలో మిర్-155 ఇంటర్‌ఫెరాన్ రిసెప్టర్‌ని తగ్గిస్తోందా? బెంచ్ మీద తేల్చుకునే పద్ధతి

క్యాన్సర్ బయాలజీ ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఎంఎస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులకు సెల్ కల్చర్, ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి కొలవడం) నేర్పించడం నా పని. వాళ్లు తెచ్చే ప్రపోజల్స్‌లో ఒక వాక్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: "మెలనోమాలో ఫలానా మైక్రోఆర్ఎన్ఏ ఫలానా ఇమ్యూన్ రిసెప్టర్‌ను నియంత్రిస్తుంది." (మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో వచ్చే క్యాన్సర్, రిసెప్టర్ అంటే కణం మీద ఉండి సంకేతాన్ని పట్టుకునే ప్రొటీన్.) ఆ వాక్యం రాసే హక్కు రావాలంటే మైక్రోఆర్ఎన్ఏ, రిసెప్టర్ రెండూ మెలనోమా కణంలోనే ఉన్నాయని చూపించాలి. కణం తనంతట తాను తయారుచేసుకునే మోతాదులోనే రిసెప్టర్ తగ్గుతోందని చూపించాలి. రిసెప్టర్ ఎంఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి జీన్ నుంచి వచ్చే నకలు) మీదున్న ఆ ఒక్క సైట్‌ని పాడుచేస్తే ప్రభావం పోతుందనీ చూపించాలి. చివరిది లేకపోతే డేటా ఎంత అందంగా ఉన్నా నేను "నియంత్రిస్తుంది" అననివ్వను, "సంబంధం కనిపిస్తోంది" అని రాయమంటాను.

నేపథ్యం క్లుప్తంగా చెప్తాను. మైక్రోఆర్ఎన్ఏ అంటే సుమారు 22 న్యూక్లియోటైడ్ల చిన్న ఆర్ఎన్ఏ. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ చిన్న పురుగుల్లో మొదటిదాన్ని, అది పనిచేసే తీరును కనిపెట్టారు. 2024లో దానికే నోబెల్ వచ్చింది. ఇది ఆర్గోనాట్ అనే ప్రొటీన్‌లో కూర్చుని, ఎంఆర్ఎన్ఏ చివరి భాగమైన 3 ప్రైమ్ యూటీఆర్ మీద తనకు జతపడే అక్షరాలను వెతుక్కుంటుంది. ముఖ్యంగా చూసేది తన రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా ఉన్న ముక్కని. దాన్నే సీడ్ అంటాం. జతపడితే ఆ ఎంఆర్ఎన్ఏ త్వరగా అరిగిపోతుంది, ప్రొటీన్ తయారీ తగ్గుతుంది. ఇది స్విచ్ లాంటిది కాదు, ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది. ఒక టార్గెట్ ప్రొటీన్ సగానికి పడిపోవడం కూడా పెద్ద విషయమే, చాలావాటిలో అంతకంటే తక్కువే తగ్గుతుంది. మీ ఫలితంలో రిసెప్టర్ 90 శాతం మాయమైతే సంతోషించకండి, మోతాదు ఎంత వేశారో ముందు చూసుకోండి.

ఉదాహరణకి మిర్-155, ఇంటర్‌ఫెరాన్ గామా రిసెప్టర్‌లో మొదటి గొలుసు ఐఎఫ్ఎన్‌జీఆర్1 తీసుకుందాం. ఈ జంటనే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి, ఎందుకంటే పద్ధతి మొత్తం ఆ కారణం మీదే నడుస్తుంది.

ట్యూమర్‌లోకి వచ్చిన టీ కణం (రోగనిరోధక కణం) ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్‌ను వదులుతుంది. మెలనోమా కణం మీద ఐఎఫ్ఎన్‌జీఆర్1 దాన్ని పట్టుకుంటుంది, ఐఎఫ్ఎన్‌జీఆర్2 వచ్చి కలుస్తుంది. లోపల జాక్1, జాక్2 కైనేజ్‌లు చురుకై స్టాట్1 అనే ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తాయి. స్టాట్1 కేంద్రకంలోకి వెళ్లి ఐఆర్ఎఫ్1 అనే జీన్‌ని లేపుతుంది. ఫలితంగా ఒకదానికొకటి ఎదురైన రెండు పనులు జరుగుతాయి. హెచ్ఎల్ఏ క్లాస్ 1 పెరిగి కణం టీ కణాలకు బాగా కనబడుతుంది, అదే సమయంలో పీడీ-ఎల్1 పెరిగి ఆ టీ కణాలకే బ్రేక్ వేస్తుంది. ఈ దారి తెగిపోతే ఏమవుతుందో 2016లో రోగుల్లోనే కనిపించింది. ఇపిలిముమాబ్ అనే ఇమ్యూన్ మందు పనిచేయని కొందరి మెలనోమాల్లో ఇంటర్‌ఫెరాన్ గామా దారికి చెందిన జీన్లు పోయి ఉన్నాయి. పీడీ-ఎల్1 జతపడే పీడీ-1ని అడ్డుకునే మందుకి మొదట లొంగి తర్వాత తిరగబెట్టిన కొందరిలో జాక్1, జాక్2 చెడిపోయి ఉన్నాయి. అక్కడ జీన్లే పోయాయి. జీన్ బాగానే ఉండి, మైక్రోఆర్ఎన్ఏ వల్ల రిసెప్టర్ తగ్గినా టీ కణం మాట అంతే అస్పష్టంగా వినబడుతుందా అన్నదే మన ప్రశ్న.

మిర్-155 ఐఎఫ్ఎన్‌జీఆర్1ని తగ్గిస్తుందని 2010లో సీడీ4 టీ కణాల్లో చూపించారు. మెలనోమా కణంలో విడిగా చూసుకోవాల్సిందే. పైగా ఇదే మిర్-155 సాక్స్1ని కూడా తగ్గిస్తుంది, అది చాలా బాగా రుజువైన టార్గెట్. సాక్స్1 పనేమో జాక్‌లను ఆపడం. అంటే ఒక చేత్తో రిసెప్టర్‌ను తగ్గించి సిగ్నల్‌ను నొక్కుతుంది, రెండో చేత్తో సాక్స్1ని తగ్గించి సిగ్నల్‌ను వదులుతుంది. మూడో సంగతి కూడా ఉంది. మనుషుల ప్రైమరీ కణాల్లో మిర్-155 నేరుగా పీడీ-ఎల్1నే తగ్గిస్తుందని 2017లో వచ్చింది. కాబట్టి పీడీ-ఎల్1 ఒక్కటే కొలిచి రిసెప్టర్ గురించి తీర్పు చెప్పడం కుదరదు. పీడీ-ఎల్1 తగ్గడానికీ పెరగడానికీ ఒకే మైక్రోఆర్ఎన్ఏ దగ్గర వేర్వేరు కారణాలున్నాయి.

కణాలు ఎంచుకోవడం

పబ్లిక్ డేటాతో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగకండి. టీసీజీఏ అనే పబ్లిక్ ట్యూమర్ డేటాబేస్‌లోని మెలనోమా డేటాలో మిర్-155కీ పీడీ-ఎల్1కీ గ్రాఫ్ గీసి, రెండూ కలిసి పెరుగుతున్నాయి కాబట్టి తగ్గించడం లేదని తేల్చేసేవాళ్లున్నారు. ట్యూమర్ ముక్కలో మెలనోమా కణాలే కాదు, టీ కణాలు, మాక్రోఫేజ్‌లు కూడా ఉంటాయి. చురుకైన టీ కణాల్లో మిర్-155 చాలా ఎక్కువ. టీ కణాలు ఎక్కువున్న ట్యూమర్‌లో ఇంటర్‌ఫెరాన్ ఎక్కువ, దానితో పీడీ-ఎల్1 ఎక్కువ. అలాంటి గ్రాఫ్ మనకు చెప్పేది ట్యూమర్‌లోకి ఎంతమంది వచ్చారన్నదే.

అందుకే కల్చర్‌లో పెంచిన స్వచ్ఛమైన మెలనోమా కణాలు కావాలి. ఏ375, ఎస్‌కే-మెల్-28 అనే మెలనోమా లైన్లు దాదాపు అందరి దగ్గరా ఉంటాయి. రెండింటిలోనూ బీరాఫ్ జీన్‌లో వీ600ఈ అనే మార్పు ఉంది. బీరాఫ్ మామూలుగా ఉన్న లైన్ కూడా ఒకటి పెట్టుకోండి, మేవో దొరుకుతుంది. తెచ్చుకున్నాక ముందు ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాలు ఆ లైన్‌వేనని తేల్చే డీఎన్ఏ పరీక్ష), మైకోప్లాస్మా (కల్చర్‌లో దూరే సూక్ష్మ బ్యాక్టీరియా) పరీక్ష చేయించండి. మైకోప్లాస్మా ఉన్న కణాల్లో ఇమ్యూన్ సిగ్నలింగ్ ముందే లేచి ఉంటుంది, మీరు ఏది కొలిచినా దాని నీడ పడుతుంది.

ఎలుకల మెలనోమా లైన్ బీ16-ఎఫ్10 వాడేవాళ్లకు రెండు మాటలు. మనిషి ఇంటర్‌ఫెరాన్ గామా ఎలుక కణాల మీద పనిచేయదు, ఎలుకదే కొనాలి. మిర్-155 సీడ్ రెండు జీవుల్లోనూ ఒకటే అయినా యూటీఆర్‌లు వేరు, సైట్ ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి.

నల్లటి పెల్లెట్‌తో జాగ్రత్త

ఈ విషయం ప్రోటోకాల్ పుస్తకాల్లో అంతగా ఉండదు కాబట్టి కాస్త ఆగి చెప్తాను. బీ16 కణాలను సెంట్రిఫ్యూజ్ చేస్తే ట్యూబ్ అడుగున కాటుక ముద్దలాంటి పెల్లెట్ వస్తుంది. ఆర్ఎన్ఏ తీసే ట్రైజాల్ ద్రవం వేశాక పై పొర తేటగా కనిపించినా, ఐసోప్రొపనాల్‌తో ఆర్ఎన్ఏ దించినప్పుడు గోధుమరంగు చుక్క కనిపిస్తే మెలనిన్ ఆర్ఎన్ఏతోపాటే వచ్చేసిందని అర్థం. అది రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను, పాలిమరేజ్‌ను అడ్డుకుంటుంది. అప్పుడు పీసీఆర్‌లో సీటీ విలువ (సిగ్నల్ కనిపించే చక్రం సంఖ్య) ఆలస్యంగా వచ్చి, మైక్రోఆర్ఎన్ఏ తక్కువగా ఉన్నట్టు చూపిస్తుంది. ఇంటర్‌ఫెరాన్ గానీ మందు గానీ వేసినప్పుడు పిగ్మెంట్ మారితే, మీరు కొలిచిన తేడా మొత్తం మెలనిన్ తేడాయే కావచ్చు.

దీన్ని పట్టుకోవడం సులువే. ఆర్ఎన్ఏని పదో వంతుకి పలుచన చేసి మళ్లీ నడపండి. సీటీ సుమారు 3.3 పెరగాలి. అంతకంటే బాగా తక్కువ పెరిగితే, లేదా అసలు తగ్గితే, ఏదో అడ్డుకుంటోంది. చిన్న ఆర్ఎన్ఏలను కూడా నిలుపుకునే కాలమ్ మీద శుభ్రం చేసుకోండి, పీసీఆర్‌లో బీఎస్ఏ ప్రొటీన్ కలపండి. ఏ375లో పిగ్మెంట్ దాదాపు ఉండదు. కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టడం మంచిదని నేననేది అందుకే. మెలనిన్ వెలుతురును కూడా పీల్చుకుంటుంది, అందువల్ల నల్లటి కణాల్లో లూసిఫరేజ్ (వెలుతురునిచ్చే ఎంజైమ్) అంకెలు కూడా తక్కువగా వస్తాయి.

మైక్రోఆర్ఎన్ఏని కొలవడానికి స్టెమ్-లూప్ ప్రైమర్ పద్ధతి చాలు. రిఫరెన్స్‌గా యూ6 అనే చిన్న ఆర్ఎన్ఏ ఒక్కదాన్నే నమ్మకండి, కనీసం రెండు పెట్టి, మీ ట్రీట్‌మెంట్‌తో అవి మారడం లేదని ముందు చూసుకోండి.

సైట్ వెతకడం, లూసిఫరేజ్

మనిషి మిర్-155-5పీ సీడ్ యూ-ఏ-ఏ-యూ-జీ-సీ-యూ. దానికి జతపడేది ఎంఆర్ఎన్ఏ మీద ఏ-జీ-సీ-ఏ-యూ-యూ-ఏ. దాని వెంటనే ఇంకో ఏ ఉంటే సైట్ మరింత బలమైనది. సైట్లను అంచనా వేసే టార్గెట్‌స్కాన్ వెబ్‌సైట్ చూడండి, కానీ జీన్ సీక్వెన్స్ తెరిచి మీ కళ్లతో కూడా వెతకండి. ఇంకో పని చాలామంది వదిలేస్తారు. మీ కణంలో ఆ ఎంఆర్ఎన్ఏ యూటీఆర్ ఎక్కడ ముగుస్తోందో 3 ప్రైమ్ రేస్ అనే పద్ధతితో చూసుకోండి. క్యాన్సర్ కణాల్లో పొట్టి యూటీఆర్‌లు మామూలే. సైట్ ఆ కత్తిరింపు అవతల పడితే మీ కణంలో ఆ సైట్ లేనట్టే, డేటాబేస్ ఏం చెప్పినా సరే.

యూటీఆర్‌ను సైచెక్-2 లాంటి రెండు లూసిఫరేజ్‌ల ప్లాస్మిడ్‌లో పెట్టండి. సైట్ మధ్యలో జీ-సీ-ఏ ఉన్నచోట సీ-జీ-టీ పెట్టి మ్యూటెంట్ చేసుకోండి. కొత్త అక్షరాలతో వేరే మైక్రోఆర్ఎన్ఏ సైట్ పుట్టలేదని సరిచూడండి. హెచ్ఈకే (మనిషి కిడ్నీ నుంచి వచ్చిన కల్చర్) కణాల్లో చేస్తే సులువు, కానీ మెలనోమా కణంలో కూడా చేయండి. అసలు సైట్ ఉన్నదాంట్లో 20 నుంచి 40 శాతం తగ్గుదల, మ్యూటెంట్‌లో తగ్గుదల లేకపోవడం వస్తే చాలు. ఇది చూపించేది జతపడగలదనే. కణంలోని అసలు రిసెప్టర్ గురించి ఇది ఏమీ చెప్పదు. చాలా పేపర్లు ఇక్కడే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది.

మిమిక్ వేసేటప్పుడు

మిమిక్ అంటే మైక్రోఆర్ఎన్ఏని పోలేలా బయట తయారుచేసిన రెండు పోగుల ఆర్ఎన్ఏ. కణానికి వైరస్ ఆర్ఎన్ఏ కూడా రెండు పోగులతోనే కనిపిస్తుంది. దాన్ని టీఎల్ఆర్3, రిగ్-1 లాంటి సెన్సర్లు పసిగడితే ఇంటర్‌ఫెరాన్ మొదలవుతుంది. మనం కొలవబోయేదీ ఇంటర్‌ఫెరాన్ దారే. మెలనోమా ఇమ్యూన్ సిగ్నలింగ్‌లో ఇంతకంటే పెద్ద ఉచ్చు నాకు తెలిసి లేదు.

మా దగ్గర ప్రాజెక్ట్ చేస్తున్న ఒక అమ్మాయి ఒక సాయంత్రం ప్లేట్ రీడింగ్స్ తీసుకొచ్చి, "మేడమ్, మిర్-155 వేస్తే పీడీ-ఎల్1 పెరిగింది. నెగటివ్ కంట్రోల్ వేసినా పెరిగింది. ఏమీ వేయనిదాంట్లో పెరగలేదు" అంది. టెన్షన్ పడుతూ చెప్పింది గానీ, ఆ మూడో గిన్నె పెట్టడం వల్లే అసలు విషయం బయటపడింది. ఇంటర్‌ఫెరాన్‌తో లేచే జీన్లు ఐఎఫ్ఐటీ1, ఐఎస్‌జీ15 కొలిచింది, రెండూ లేచి ఉన్నాయి. మోతాదు 50 నానోమోలార్ నుంచి 5కి దించగానే అవి కిందకి వచ్చాయి, కంట్రోల్‌లో పీడీ-ఎల్1 పెరగడం ఆగింది.

అప్పటినుంచి నేను అందరికీ చెప్పే ఏర్పాటు ఇది: ఏమీ వేయని కణాలు, ఆర్ఎన్ఏ లేకుండా దాన్ని మోసే ఉత్త లిపిడ్ వేసినవి, వేర్వేరు సీక్వెన్స్‌ల నెగటివ్ కంట్రోల్స్ రెండు, సీడ్ మార్చిన మిర్-155, అసలు మిర్-155. మోతాదు 1 నుంచి 10 నానోమోలార్ మధ్యలో ఉంచండి. ప్రతి ప్రయోగంలో ఐఎఫ్ఐటీ1, ఐఎస్‌జీ15 కొలవండి. కంట్రోల్‌లో అవి లేస్తే ఆ ప్లేట్ పక్కన పెట్టేయండి.

మిమిక్ కంటే నాకు ఇష్టమైన దారి ఇంకొకటుంది. మెలనోమా కణాలకు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఇస్తే అవే మిర్-155ని పెంచుకుంటాయి, అది ఎంఐటీఎఫ్ అనే మెలనోసైట్ జీన్ల నియంత్రకాన్ని తగ్గిస్తుందని 2015లో చూపించారు. ట్యూమర్‌లో నిజంగా జరిగేదానికి ఇది దగ్గర. అయితే ఇంటర్‌ల్యూకిన్ వల్ల ఎన్ఎఫ్-కప్పాబీ అనే ఇన్‌ఫ్లమేషన్ దారి కూడా లేస్తుంది కాబట్టి, మిర్-155 తయారయ్యే హెయిర్‌పిన్‌ని క్రిస్పర్ జీన్ ఎడిటింగ్‌తో తీసేసిన కణాలను పక్కన పెట్టి పోల్చాలి. రెండింటి మధ్య తేడాయే మిర్-155 వాటా.

రిసెప్టర్‌ని కణం ఉపరితలం మీద కొలవండి

ఎంఆర్ఎన్ఏ తగ్గింది కాబట్టి రిసెప్టర్ తగ్గిందని అనుకోకండి. సిగ్నల్ పట్టుకునేది పైన ఉన్న ప్రొటీన్. వెస్టర్న్ బ్లాట్‌లో ఐఎఫ్ఎన్‌జీఆర్1 చక్కెరల బరువు వల్ల 90 కిలోడాల్టన్ల దగ్గర, వెడల్పైన మసక బ్యాండ్‌గా వస్తుంది, పైగా లోపలిదీ పైదీ కలిపి చూపిస్తుంది. అందుకే ఫ్లో సైటోమెట్రీ. మనిషి కణాలకు సీడీ119 (ఐఎఫ్ఎన్‌జీఆర్1కే మరో పేరు) యాంటీబాడీ, జీఐఆర్-208 క్లోన్ వాడొచ్చు. కణాలను ప్లేట్ నుంచి లేపడానికి ట్రిప్సిన్ వద్దు, అది ఉపరితల ప్రొటీన్లను కోసేస్తుంది. ఈడీటీఏ గానీ ఆక్యుటేజ్ గానీ వాడి, తర్వాత అంతా ఐస్ మీదే చేయండి. చచ్చిన కణాలకు రంగు వేసి వాటిని వదిలేయండి, ట్రాన్స్‌ఫెక్షన్ తర్వాత అవి ఎక్కువే ఉంటాయి, ఏ యాంటీబాడీనైనా అంటించుకుంటాయి. 48, 72 గంటలకు రెండుసార్లు చూడండి, ముందే పైన ఉన్న పాత రిసెప్టర్ అరగడానికి సమయం పడుతుంది. ఇంటర్‌ఫెరాన్ వేయకముందే కొలవాలి. వేశాక రిసెప్టర్ లోపలికి వెళ్లిపోతుంది, అది చూసి మైక్రోఆర్ఎన్ఏ తగ్గించిందని పొరబడతారు.

తర్వాత సిగ్నల్. అలవాటుగా అందరూ మిల్లీలీటర్‌కి 10 నానోగ్రాముల ఇంటర్‌ఫెరాన్ గామా వేస్తారు. ఆ మోతాదులో రిసెప్టర్ మూడో వంతు తగ్గినా తేడా కనిపించకపోవచ్చు, మిగిలినవే సిగ్నల్‌ని పూర్తిగా లేపడానికి సరిపోతాయి. 0.1, 0.3, 1, 3, 10 ఇలా మెట్లుగా వేయండి. మైక్రోఆర్ఎన్ఏ ప్రభావం ఉంటే అది తక్కువ మోతాదుల దగ్గరే కనిపిస్తుంది. ట్యూమర్ లోతుల్లో, టీ కణానికి దూరంగా ఉన్న మెలనోమా కణానికి అందేదీ అంత కొద్ది ఇంటర్‌ఫెరానే. 15 నుంచి 30 నిమిషాలకు స్టాట్1 మీద 701వ టైరోసిన్ ఫాస్ఫేట్ కొలవండి, కొన్ని గంటలకు ఐఆర్ఎఫ్1, సాక్స్1, ఆ తర్వాత 24 నుంచి 48 గంటలకు పీడీ-ఎల్1, హెచ్ఎల్ఏ క్లాస్ 1.

చదివే తీరు ఇది. రిసెప్టర్ తగ్గి, తొలి అరగంటలో ఫాస్ఫో-స్టాట్1 తగ్గితే రిసెప్టర్ దారి గెలిచింది. మొదట తగ్గినట్టుండి, గంటలు గడిచాక సిగ్నల్ ఆరిపోకుండా నిలబడితే సాక్స్1 తగ్గిన ప్రభావం కనిపిస్తోంది. ఫాస్ఫో-స్టాట్1, హెచ్ఎల్ఏ మారకుండా పీడీ-ఎల్1 ఒక్కటే తగ్గితే పీడీ-ఎల్1 యూటీఆర్ మీద నేరుగా పని జరుగుతుండొచ్చు. లేదా సీఎంటీఎం6 తగ్గిందేమో చూడండి, పీడీ-ఎల్1ని ఉపరితలం మీద అరగకుండా కాపాడేది అదే.

సైట్‌ని పాడుచేయడం

ప్రయోగం మొత్తానికి ప్రాణం ఇది. కణంలోని అసలు ఐఎఫ్ఎన్‌జీఆర్1 జీన్‌లో, యూటీఆర్ సైట్ దగ్గర క్రిస్పర్‌తో మార్పు చేయండి. యూటీఆర్‌లలో ఏ, టీ అక్షరాలు ఎక్కువ కాబట్టి క్రిస్పర్ కత్తెర క్యాస్9కి సరైన చోటు దొరక్కపోవచ్చు. టీ-టీ-టీ వెతికే క్యాస్12ఏ అక్కడ బాగా పనికొస్తుంది. ఒకే క్లోన్ మీద ఆధారపడకండి. సైట్ పోయిన క్లోన్లు కొన్ని, పక్కనే కోసినా సైట్ నిలిచిన క్లోన్లు కొన్ని పెట్టుకోండి, ఎందుకంటే యూటీఆర్‌లో పక్కపక్కనే ఇతర ప్రొటీన్లు కూర్చునే చోట్లుంటాయి. ఎడిటింగ్ వీలుకాని ల్యాబ్‌లు సైట్‌ని కప్పేసే ఎల్ఎన్ఏ బ్లాకర్ కొనుక్కోవచ్చు, రుజువు కొంచెం బలహీనమైనా వాడదగ్గదే.

సైట్ పోయిన కణాల్లో మిర్-155 పెంచినప్పుడు ఐఎఫ్ఎన్‌జీఆర్1 తగ్గకూడదు, సాక్స్1 మాత్రం ఎప్పటిలాగే తగ్గాలి. ఆ రెండో అంకె చాలా విలువైనది. మైక్రోఆర్ఎన్ఏ ఇంకా పనిచేస్తూనే ఉంది, ఈ సైట్ దగ్గర మాత్రమే ఆగిపోయింది అని అది చెబుతుంది. సైట్ పోయినా రిసెప్టర్ తగ్గుతూనే ఉంటే అది వేరే టార్గెట్ ద్వారా తిరిగి వచ్చిన ప్రభావం, అలాగే రాయండి. అది కూడా మంచి ఫలితమే.

రోగుల కణజాలం దగ్గరికి వెళ్లేటప్పుడు

మనవాళ్లలో మెలనోమా అరుదు. వచ్చినవాళ్లలో అరికాలు, అరచేయి, గోరు కింద, నోరు, ముక్కు లోపలి పొరల్లో వచ్చే రకాల వాటా తెల్లవాళ్లలో కంటే బాగా ఎక్కువ. అరికాలి మచ్చని ఆనె అనో మానని పుండు అనో అనుకుని ఆలస్యంగా వచ్చేవాళ్లుంటారు. ఈ రకాల్లో బీరాఫ్ మార్పులు తక్కువ, కిట్ జీన్ మార్పులు ఎక్కువ. ఏ375లో తేలినదాన్ని యథాతథంగా వీళ్లకి అంటించకండి. ఎథిక్స్ కమిటీ అనుమతితో రోగుల కణజాల బ్లాకులు దొరికితే ముక్క మొత్తం నూరి పీసీఆర్ చేయొద్దు. మిర్-155కి ఇన్ సిటు హైబ్రిడైజేషన్ (కణజాలంలోనే ఆర్ఎన్ఏ ఎక్కడుందో చూపేది), పక్క సెక్షన్ల మీద సీడీ119, మెలనోమా కణాలకు సాక్స్10 (SOX10, పైన చెప్పిన సాక్స్1, అంటే SOCS1, కాదు), టీ కణాలకు సీడీ8 రంగులు వేయండి. రంగుకి గోధుమరంగు డీఏబీ వాడితే మెలనిన్‌తో కలిసిపోతుంది, ఎర్రటి క్రోమోజెన్ తీసుకోండి. మిర్-155 ఏ కణంలో ఉందో కంటికి కనిపించాలి.

ఇక థీసిస్ చివర్లో "చికిత్సకు ఉపయోగపడవచ్చు" అని రాసేముందు రెండు సంగతులు చూడండి. మిర్-34ఏ మిమిక్‌ని లిపిడ్ బుడగల్లో పెట్టి ఎంఆర్ఎక్స్34 పేరుతో క్యాన్సర్ రోగులకు ఇచ్చిన మొదటి దశ ట్రయల్‌ని, తీవ్రమైన ఇమ్యూన్ దుష్ప్రభావాలతో నలుగురు చనిపోయాక, 2016లో ఆపేశారు. ఇక మిర్-155 సంగతికొస్తే, మెలనోమా కణంలో అది రిసెప్టర్‌ను తగ్గిస్తోందని మీరు రుజువు చేసినా, ట్యూమర్‌తో పోరాడే సీడీ8 టీ కణాలకు అదే మిర్-155 కావాలి. అది లేని ఎలుకల టీ కణాలు ట్యూమర్‌ని సరిగా అదుపు చేయలేవు. శరీరమంతా మిర్-155ని అడ్డుకునే మందు ఆ టీ కణాలకు కూడా తగులుతుంది. కాబట్టి ఆ వాక్యంలో మందు ఏ కణంలోకి వెళ్లాలి, ఏ కణానికి తగలకూడదు, దానికి మీ దగ్గరున్న దారి ఏమిటి అన్నది కూడా రాయండి. రాయలేకపోతే ఆ వాక్యం తీసేసి, సైట్ పాడుచేసిన గ్రాఫ్‌తోనే చాప్టర్ ముగించండి.